గేరుబాక్సు పుస్తకం

"అంతా ఠీకే. పుస్తకం ఏదండీ?" అన్నాడు చిరంజీవి.

జానకిరామ్‌కి అర్థం కాలేదు. కారు తాలూకు కాగితాలన్నీ అప్పుడే బల్ల మీద పరిచాడు. ఆర్సీ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, ఆరేళ్ళ సర్వీసు చీటీలు వరసగా పిన్ను కొట్టి ఉన్నాయి. ఇంకే పుస్తకం కావాలని మర్యాదగానే అడిగాడు.

"లాగ్ బుక్కండీ. మా ఇంజన్లో ఉంటది. దిగిపోయే డ్రైవరు ఏటేటి ఇబ్బంది వొచ్చిందో తన చేత్తో రాసి సంతకం పెట్టాల. ఎవడు నడిపితే వాడే రాయాల. అది చూడకుండా మేం చార్జి తీసుకోం."

ఇది ఉత్త పేచీ. ఆ ఇంట్లో ఉన్న నలుగురికీ ఆ సంగతి తెలుసు. బొగ్గు గూడ్సు నడిపే మనిషికి ఇంజను విషయంలో ఎన్ని పట్టింపులైనా ఉండొచ్చు గాని, సొంత కారుకి లాగ్ బుక్కు రాసుకునే వాళ్ళు ఎక్కడుంటారు? మూడు రోజులుగా చిరంజీవి ఒక వంక కోసం వెతుకుతున్నాడు. అది ఇంత తేలిగ్గా దొరికినందుకు లోపల సంబరపడ్డాడు కూడా.

"ఉందండీ. తొందరేం లేదు, తెస్తాను" అని జానకిరామ్ లేచాడు.

తొందరేం లేదు అనడం ఆయనకి అలవాటు. టీ ఇస్తే అంటాడు, కుర్చీ వేస్తే అంటాడు. ఆ మాట వినబడినప్పుడల్లా చిరంజీవికి ఒళ్ళు మండుతుంది. ఆయన వేపచెట్టు కింద ఆపిన కారు దగ్గరికి వెళ్ళి, ముందు సీటు ఎదురుగా ఉన్న చిన్న అర తెరిచి, అట్ట నలిగిన పొడుగు నోటు పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు.

వంటింటి గుమ్మంలో స్వాతి చేతిలో ఉన్న పళ్ళెంలో కప్పులు గలగలమన్నాయి.

చిరంజీవి ఆ చప్పుడు విన్నాడు. పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు.

అవి స్వాతి అక్షరాలు. అమ్మ మందుల డబ్బా మీద ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాసి అంటించిన చీటీలో ఉన్నవే, ఆ గుండ్రటి అక్షరాలే. పరాయివాడి కారులో, పరాయివాడి పుస్తకంలో, పేజీల కొద్దీ తన భార్య చేతిరాత.

"అన్నీ ఉన్నాయి, చదవండి. గేరుబాక్సు గురించి దాచిందేం లేదు" అన్నాడు జానకిరామ్. ఆయన గొంతులో ఏ తడబాటూ లేదు. అదే మరీ కష్టంగా ఉంది చిరంజీవికి. కారు సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుతానని, ఎండలో ఒకసారి గోల్ బజార్ రద్దీలోకి తీసుకెళ్ళి చూడమని చెప్పి, సోమవారం తన ప్రయాణం గుర్తు చేసి, ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

స్వాతి కప్పులు తీస్తోంది.

"నువ్వు రాసేవా?"

"నేనే."

"ఏటి రాసేవు?"

"చదవండి" అంది స్వాతి. సంచీ తీసుకుని, రోజూ ఉండే బుధవారి బజారుకి కూరగాయలకని వెళ్ళిపోయింది.

చిరంజీవి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి తెలుగు చదవడం రాదని ఆమెకి తెలియదా? ఇక్కడే బిలాస్‌పూర్లో పుట్టి, రైల్వే బడిలో హిందీలో చదువుకున్నవాడు. తెలుగు మాట్లాడతాడు, తెలుగులో తిడతాడు, తెలుగులో అసూయ పడతాడు. చదవడం మాత్రం రాదు. విజయనగరం నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో స్వాతి నేర్పుతానంది. డ్యూటీలతో తీరిక దొరకలేదు.

అసలు ఈ కారు గొడవ గురువారం నాడు మొదలైంది గాని, అతని మంట మొదలై ఎనిమిది నెలలైంది. స్వాతిది బిలాస్‌పూర్ దగ్గర కోటా అనే ఊళ్ళో, బ్యాంకు బ్రాంచిలో ఉద్యోగం. మొదట్లో పాసింజరు రైల్లో వెళ్ళేది. ఆ పాసింజరుని ఎక్కడో ఒకచోట లూపు లైన్లో నిలబెట్టి, పక్కనుంచి బొగ్గు గూడ్సుని వదిలేవారు. వారంలో నాలుగు రోజులు బ్యాంకుకి ఆలస్యం. తన మొగుడు నడిపే బండి కోసమే తన బండి ఆగిపోతోందని ఆమె మొదట్లో నవ్వుతూ చెప్పేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ బ్రాంచికి మేనేజరుగా వచ్చిన జానకిరామ్ బిలాస్‌పూర్లోనే ఉంటూ, రోజూ కారులో వెళ్ళొస్తూ, దారే కదా అని ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. ఆయన భార్య ఊర్మిళ విశాఖలో లెక్చరరు. ఇక్కడ ఆయన ఒక్కడే.

ఒక్కడే. చిరంజీవి మనసులో ఈ మాట ఎనిమిది నెలలు చక్రంలా తిరిగింది.

ఇప్పుడు ఆయనకి వరంగల్ బదిలీ అయింది. కారు అమ్మేస్తానన్నాడు. గురువారం స్వాతి ఆ మాట ఇంట్లో చెప్పి, మీరే చూసి చెప్పండి అంది. చిరంజీవి చూడకముందే మూడు రకాలుగా ఎగిరాడు. గేర్లు వాటంతట అవే మారే బండి మగాడు నడిపే బండి కాదన్నాడు. వాడిన బండిలో గేరుబాక్సు పోతే ఏం చేస్తావన్నాడు. చివరికి, కోటా వద్దు, బిలాస్‌పూర్కి వేయమని దరఖాస్తు రాసుకోమన్నాడు. స్వాతి దేనికీ జవాబు చెప్పలేదు. ఆవేళ నుంచి ఆ క్వార్టర్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు.

చూడలేదని అనడానికి మాత్రం లేదు. శుక్రవారం పొద్దున్నే ఆరింటికి రైల్వే కాలనీ వెడల్పు రోడ్ల మీద నాలుగు చుట్లు తిప్పాడు. అప్పుడొక అప్రతిష్ఠ కూడా జరిగింది. రైలింజన్లో డ్రైవరు కూర్చునేది ఎడమ పక్క. పద్దెనిమిదేళ్ళ అలవాటులో వెళ్ళి కారు ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు, ఎదురుగా స్టీరింగు లేదు. కుడి తలుపు దగ్గర తాళంచెవి ఇవ్వడానికి నిలబడ్డ జానకిరామ్ చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ నాలుగు చుట్లలో గేర్లు వెన్నలా మారాయి. లోపం దొరకలేదని దిగులుపడిన కొనుగోలుదారు బహుశా చిరంజీవి ఒక్కడే. తోర్వా పేటలో దిలీప్ అనే మెకానిక్‌కి చూపిస్తే అతను తల అడ్డంగా ఊపాడు. ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కాదు భయ్యా అన్నాడు. నూనె ఒత్తిడితో పనిచేసే పాతరకం మొండిది, బెల్టు రకం మెత్తనిది, ఇది రెండు క్లచ్‌లు లోపలే ఉన్న రకం అన్నాడు. చల్లటి పూట ఖాళీ రోడ్డు మీద ఇది ఎప్పుడూ బుద్ధిమంతురాలే, ఎండలో అరగంట జనం మధ్య పాకిస్తేనే అసలు గుణం బయటపడుతుందని చెప్పాడు. చిరంజీవి ఆ మాట విన్నాడు గాని, గోల్ బజార్ వెళ్ళలేదు. అతనికి కావలసింది గేరుబాక్సు గుణం కాదు కదా.

ఇప్పుడు ఒళ్ళో పుస్తకం ఉంది. అక్షరాలు రావు గాని, అంకెలు వచ్చు. ప్రతి రాతకీ పక్కన తారీకు ఉంది. చిరంజీవి లేచి వెళ్ళి తన డ్యూటీ డైరీ తెచ్చుకుని, రెండూ పక్కపక్కన పెట్టి వేలితో పోల్చడం మొదలుపెట్టాడు.

మార్చి తొమ్మిది. తను షహడోల్లో. మార్చి ఇరవై అయిదు. తను ఇంట్లో నిద్రపోతున్నాడు. ఏప్రిల్ ఎనిమిది, అనూప్పూర్లో డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూము. ఇవన్నీ బ్యాంకు రోజులు. ఫర్వాలేదు.

మే పదిహేడు దగ్గర వేలు ఆగిపోయింది. డైరీలో ఆ రోజు పక్కన ఆదివారం అని ఉంది. బ్యాంకు లేదు. తను అనూప్పూర్లో ఉన్నాడు.

తనకి వచ్చింది దుఃఖమో కోపమో చిరంజీవికే తెలియలేదు. ఎనిమిది నెలల నుంచి తను ఊహించుకున్నది నిజమైతే బాగుండదని తెలుసు. నిజం కాకపోతే ఇన్నాళ్ళు తను పడిన బాధ ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"అమ్మా, ఒకసారి ఇది చదువు."

మంగాయమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర అయిదో క్లాసు దాకా చదివింది. ఆ ఇంట్లో కోడలు తర్వాత తెలుగు చదవగలిగింది ఆవిడ ఒక్కతే. కళ్ళజోడు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. అది మెడలోనే వేలాడుతోంది.

"నీ పెళ్ళాం పుస్తకం నన్ను సదవమంటావేటిరా?"

"చదువమ్మా."

ఆవిడ పూజ పుస్తకం చదివినట్టు ఒక్కో అక్షరం పట్టుకుని చదివింది.

"మార్చి తొమ్మిది. పొద్దున్న. కోటా రోడ్డు. ఇబ్బంది లేదు. మార్చి ఇరవై అయిదు. సాయంత్రం, గోల్ బజార్. ఇరవై నిమిషాలు పాకుతూ. ఒకటో గేరు నించి రెండుకి మారినప్పుడు వణుకు. ఏప్రిల్ ఎనిమిది. రివర్సులో ఎత్తు ఎక్కిస్తే కాలిన వాసన. పావుగంట ఆపితే తగ్గింది."

చిరంజీవి వింటున్నాడు. ఇది ప్రేమలేఖ కాదు. అచ్చం తమ ఇంజన్ పుస్తకంలా ఉంది. పేచీకి అడిగిన పుస్తకం నిజంగానే ఉండటం, అది ఇంత బాగా రాసి ఉండటం అతనికి నచ్చలేదు.

"ఏప్రిల్ ఇరవై రెండు. ముందు బండికి దూరం ఉంచి, పూర్తిగా ఆగి, మళ్ళీ ఒక్కసారే కదిలించాను. వణుకు లేదు."

"ఆగు. కదిలించాను అని ఉన్నాదా?"

"ఉన్నాది."

"ఎవరు కదిలించింది?"

మంగాయమ్మ కళ్ళజోడు పైనుంచి కొడుకుని చూసింది. "రాసినోలే కదా కదిలిస్తారు. పొద్దున్న నువ్వే సెప్పేవు, ఎవుడు నడిపితే వోడే రాయాలని."

తన నోటి మాటే. ఎనిమిది నెలలూ తను మనసులో చూసిన బొమ్మలో స్వాతి ఎప్పుడూ ఎడమ సీట్లోనే కూర్చుని ఉంది. కిటికీలోంచి చూస్తూ, ఆయన చెప్పే కబుర్లకి నవ్వుతూ. ఆమె చేతిలో స్టీరింగు ఉన్నట్టు ఒక్కసారైనా ఊహకి రాలేదు.

మూడేళ్ళ కిందట ఒక స్నేహితుడి కారు తెచ్చి, రైల్వే గ్రౌండులో ఆమెకి నేర్పబోయాడు. పది నిమిషాల్లో బండి తీసుకెళ్ళి గోలు స్తంభానికి రాసింది. అక్కడ ఆడుకుంటున్న వాళ్ళందరి ముందూ చిరంజీవి పగలబడి నవ్వాడు. తర్వాత ఎన్నోసార్లు, చుట్టాల ఎదుట కూడా, ఆ గోలు కథ చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ నేర్పలేదు. ఆమె అడగలేదు.

ఇంకొకడు నేర్పాడు. తొందరేం లేదు అంటూ నేర్పి ఉంటాడు. తను అనుమానించినది జరగనందుకు ఊరట కలగాల్సింది. దానికి బదులు కొత్త అసూయ ఒకటి పుట్టి, పాతదానికన్నా లోతుగా దిగింది. ఇది ఎవరికీ చెప్పుకోవడానికి కూడా లేదు. భార్యకి ఒక మంచి పని నేర్పినవాడి మీద ఏమని ఫిర్యాదు చేస్తాడు?

"తర్వాతది చదువు. మే పదిహేడు."

మంగాయమ్మ పేజీ తిప్పబోయింది. "అదీ అలాటిదే. ఏటీ నేదు."

"అమ్మా."

"కోటా రోడ్డు, ఇబ్బంది లేదు, అనున్నాది. అంతే."

"అక్కడ మూడు వరసలు ఉన్నాయి. నువ్వు ఒకటే చదివేవు."

ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. గోడ మీద భర్త నూకరాజు ఫొటో కేసి చూసింది. ఆయన కూడా రైల్వేలోనే పనిచేసి పోయాడు. కాసేపటికి తెరిచి, ఈసారి ఎక్కడా తడబడకుండా చదివింది.

"మే పదిహేడు. కోటా. అత్తయ్య వెనక కూర్చున్నారు. బరువు ఎక్కువైనా గేర్లు బాగానే మారాయి. వచ్చేటప్పుడు అత్తయ్య కిటికీ అద్దం దించి పాట పాడారు."

చిరంజీవి డ్యూటీ డైరీ మూసేశాడు.

"నువ్వు వెళ్ళేవా?"

"సంతకి. ఆ బాబు కారు ఇచ్చేడు. నువ్వు డూటీకి ఎల్లేవు కదా. మీ నాన్న ముప్పై ఎనిమిదేళ్ళు రైల్లో సేసేడు, ఒక్కసారి నన్ను పక్కన కూకోబెట్టుకుని ఎక్కడికైనా తీసుకెల్లేడా? నా కోడలు తీసుకెల్లింది. ఎల్లేను."

"నాకు చెప్పలేదు."

"నువ్వు అడగనేదు. నువ్వు ఆ బాబు కోసం అడిగేవు, కారు కోసం అడిగేవు. నీ పెళ్ళాం కోసం ఎప్పుడడిగేవు?"

స్వాతి వచ్చేసరికి రెండు దాటింది. పుస్తకం అత్తగారి ఒళ్ళో చూసి, ఏమీ అనకుండా సంచీ లోపల పెట్టి వచ్చింది. చిరంజీవి గోల్ బజార్ వెళ్దాం అన్నాడు. మూడు రోజుల తర్వాత ఆమెతో అతను మామూలుగా అన్న మొదటి మాట అది. మంగాయమ్మ కూడా చెప్పులు వేసుకుంది.

చిరంజీవి కారు దగ్గరికి నడిచి ఎడమ తలుపు తీశాడు. ఈసారి అలవాటు కాదు. స్వాతి ఒక్క క్షణం చూసి కుడి పక్కకి వెళ్ళింది. కూర్చున్నాక చేతిసంచీ లోంచి ఒక కార్డు తీసి ముందు అద్దం కింద పెట్టింది. డ్రైవింగ్ లైసెన్సు. వచ్చి నెల అయింది. ఫొటోలో ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు అతను చాలా రోజులుగా చూడలేదు.

ఆమె బాగా నడిపింది. అది ఒప్పుకోవడం కష్టమే గాని, నడపడం తెలిసినవాడు కనక అబద్ధం చెప్పుకోలేకపోయాడు. బ్రేకు మీద కాలు మెత్తగా పడుతోంది, చూపు ఎప్పుడూ రెండు బండ్ల అవతల ఉంటోంది. పచ్చ సిగ్నలు కనబడగానే అతని నోట్లోంచి అలవాటుగా "హరా" అని వచ్చింది. ఇంజన్లో సిగ్నలు చూసినప్పుడల్లా పక్కవాడికి వినబడేలా రంగు చెప్పాలి. స్వాతి నవ్వలేదు. "హరా" అని తిరిగి చెప్పి ముందుకు పోనిచ్చింది. చిరంజీవి తర్వాతి సిగ్నలు కోసం ముందుకు వంగాడు.

గోల్ బజార్ మూడింటి ఎండలో ఉడుకుతోంది. ఈ-రిక్షాలు, స్కూటర్లు, తోపుడుబండ్లు, అన్నీ ఒకే సందులోకి దూరాయి. ఇంతేసి కదలడం, ఆగడం. ఇంతేసి కదలడం. పావుగంట గడిచింది. ఒక స్కూటరు ముందుకి దూకింది. స్వాతి బ్రేకు వేసి, వదిలి, తనలో తాను అన్నట్టు "తొందరేం లేదు, తొందరేం లేదు" అంది.

ఆమె గొంతులో ఆయన మాట. చిరంజీవి కిటికీ వైపు తిరిగిపోయాడు. పుస్తకంలో దొరకనిది ఇక్కడ దొరికింది. అందులో తప్పేమీ లేదు, అయినా గుచ్చుకుంది.

అప్పుడే వణుకు వచ్చింది. కింద నుంచి సీట్ల దాకా, ఒకసారి, రెండోసారి. మూడోసారి కారు గుర్రుమని ఆగి, ఎవరో వెనక నుంచి తోసినట్టు కదిలింది. సన్నగా కాలిన వాసన. స్వాతి ఒక బట్టల కొట్టు పక్కన ఖాళీ చూసి నిలిపింది, ఇంజను ఆపింది.

చిరంజీవి చేతిలో ఇప్పుడు కావలసినంత వంక ఉంది. మూడు రోజుల కిందట అయితే దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగేవాడు. ఇప్పుడు అలా చెయ్యాలని లేదు. జానకిరామ్ ఇచ్చినదాని కన్నా పెద్దది ఏదైనా, ఈ క్షణమే, ఈ సీట్లోనే ఆమెకి ఇచ్చెయ్యాలని ఉంది.

"తీసుకుందాం. దిలీప్ చేత క్లచ్‌లు మార్పించేద్దాం. కారు నీదే."

"వద్దు" అంది స్వాతి.

అతను సరిగ్గా వినలేదనుకున్నాడు.

"ఈ గేరుబాక్సు ఇంకో ఎండాకాలం ఆగదు. ఏప్రిల్లోనే తెలిసింది. క్లచ్‌లు మారిస్తే ఏడాది బాగుంటుంది, మళ్ళీ ఇదే. సార్‌కి కూడా చెప్పాను. అందుకే ధర తగ్గించి, పుస్తకంతో సహా అమ్ముతున్నారు."

"మరి గురువారం చెప్పలేదేం?"

"మీరే చూసి చెప్పండి అన్నాను. నడపడం మీకన్నా ఎవరికి తెలుసు? మీరు ఒక్కసారి ఈ సందులోకి తెచ్చి, స్వాతీ, ఇది పనికిరాదు, మనిద్దరం ఇంకోటి వెతుకుదాం అంటే చాలు. మూడు రోజులు ఎదురుచూశాను. మీరు బండి చూడలేదు."

ఆమె గొంతు పెంచలేదు.

"దరఖాస్తు రాయను" అంది స్వాతి. "కోటాలో బ్రాంచి వెనక వీధిలో ఇల్లు మాట్లాడాను. ఒకటో తారీకు నుంచి. ఆదివారాలు వస్తాను."

బట్టల కొట్టు ముందు ఎవరో చీరలు విప్పి ఆరబోస్తున్నారు. పక్కనుంచి స్కూటర్లు హారన్లు కొడుతూ పోతున్నాయి. అడగవలసినవి చాలా ఉన్నాయి చిరంజీవికి. వెళ్ళొద్దని అడగొచ్చు. ఇంకో కారు ఇవాళే చూద్దామని అడగొచ్చు. ఆ గోలు స్తంభం రోజుకి క్షమించమని అడగొచ్చు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. వాటన్నిటినీ తోసుకుని పాత ప్రశ్నే ముందు బయటపడింది.

"ఆ ఇల్లు ఎవరు చూసి పెట్టేరు?"

స్వాతి తాళంచెవి మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా, ఎదురుగా రోడ్డునే చూస్తూ ఉండిపోయింది.

వెనక సీట్లోంచి మంగాయమ్మ అంది.

"నాను సూసేను. మొన్న సంతకెల్లిన రోజే. నాక్కూడా ఓ గది ఉన్నాదో నేదో సూసుకుని మరీ ఒప్పుకున్నాను."